మట్టి వాకిలి కిరణ్‌కుమార్

కిరణ్‌కుమార్ ఎట్లాంటివాడు అని డోన్‌లో ఎవరినడిగినా రెండు ముక్కల్లో తేల్చేస్తారు. పాత బస్టాండు దగ్గర బొరుగుల అంగడి శ్రీనివాసులు శెట్టి కొడుకు, మంచోడు. అంతే. నాకు మాత్రం అంత సులభంగా తేలడం లేదు. వాడు మంచోడు కావడమే నాకు మంట.

రెండువేల ఎనిమిదిలో సంగతి ఇది. కర్నూలులో ఇంజనీరింగు రెండో ఏడు మధ్యలోనే వదిలేసి, ప్యాపిలి పక్కన మా ఊరికి పోవడానికి మొహం చెల్లక, డోన్‌లో ఒక గది తీసుకుని తిరుగుతుండేవాణ్ణి. స్టేషన్ రోడ్డులో ఏసేపన్న నెట్ సెంటరు నా అడ్డా. ఆయన కంప్యూటర్లకు వైరస్ పట్టినప్పుడల్లా నేను దులిపేవాణ్ణి, ఆయన నన్ను ఖాళీ కుర్చీలో కూర్చోనిచ్చేవాడు. ఆ కుర్చీలోనే నాకు వెల్‌మోర్ పరిచయమైంది.

వెల్‌మోర్ అంటే ఇంగ్లీషు నవలల్లో ఉండే మాంత్రికుల రాజ్యం. దాని నడిమధ్య ఒక కోట, కోటకు అయిదు వాకిళ్ళు. పుట్టిన ప్రతి మాంత్రికుడూ ఏదో ఒక వాకిలికి చెందుతాడు. ఇనుప వాకిలి వాళ్ళు యుద్ధానికి ముందు నడుస్తారు. గాజు వాకిలి వాళ్ళ నోట అబద్ధం రాదు. నీటి వాకిలి వాళ్ళు ఎక్కడికి పోతే అక్కడి మాదిరి అయిపోతారు. బూడిద వాకిలి వాళ్ళు ఉన్నదంతా కాల్చేసుకుని వెళ్ళిపోతారు, వెనక్కి తిరిగి చూడరు. ఇక మట్టి వాకిలి. వాళ్ళు కోట దాటరు, దీపాలు ఆరిపోకుండా చూసుకుంటుంటారు. పుస్తకాల్లో వాళ్ళ గురించి పెద్దగా ఏమీ ఉండదు. ఇనుపోళ్ళు గెలిచి వచ్చేసరికి వంట చేసి పెట్టి ఉంటారు, అంతే.

డోన్‌లో ఈ పుస్తకాలను మొదట చదివినవాడు కిరణ్‌కుమార్. హైదరాబాదు ఫుట్‌పాత్ మీద దొంగ ప్రింటు కొనుక్కొచ్చి, పక్కన డిక్షనరీ పెట్టుకుని, బొరుగుల బస్తాల మధ్య కూర్చుని చదివాడు. బొరుగులంటే మరమరాలే, బస్తా చూస్తే మనిషంత ఎత్తుంటుంది, ఎత్తితే దిండంత బరువు కూడా ఉండదు. వాటి నడుమ వాడు కూర్చుంటే పైకి తల ఒకటే కనిపించేది, జుట్టు నిండా తెల్లటి పొట్టు. కోసిగి నుంచి, ఆదోని నుంచి బేరానికి వచ్చినవాళ్ళు పిలిస్తే లేచేవాడు. బస్తా కట్టి పంపి, మళ్ళీ అదే పేజీలోకి దిగేవాడు. విసుక్కోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

వాడు చేసిన గొప్ప పని ఒకటుంది. ఆ నవలల్లోని మంత్రాలన్నిటికీ తెలుగు కట్టాడు. తలుపు మూసే మంత్రానికి ‘గడియపడు’. దీపం వెలిగించేదానికి ‘కండ్లు తెరువు’. ఎదుటివాడి మాట పడిపోయేదానికి ‘గమ్మునుండు’. ఆర్కుట్‌లో మా తెలుగోళ్ళ వెల్‌మోర్ గుంపులో వీటిని పెట్టేసరికి కడప, ప్రొద్దుటూరు, నంద్యాల పిల్లలంతా ఇవే వాడటం మొదలుపెట్టారు. ఎవరైనా అడ్డంగా వాదిస్తే చాలు, కింద పదిమంది ‘గమ్మునుండు’ అని రాసేవాళ్ళు. ఎప్పుడూ నవ్వని ఏసేపన్న కూడా నెట్ సెంటరులో పిల్లలు గోల చేస్తే అదే అనేవాడు.

అప్పుడొచ్చింది ఆ పరీక్ష. వెల్‌మోర్ అభిమానుల వెబ్‌సైటులో ప్రశ్నలు ఉంటాయి, జవాబులు నొక్కుతూ పోతే నీది ఏ వాకిలో చెబుతుంది, వాకిలి బొమ్మతో సహా. ఇల్లు అంటుకుంటే ఒక్క వస్తువే బయటికి తేవచ్చంటే ఏది తెస్తావు. రాజు అబద్ధమాడమంటే ఏం చేస్తావు. చీకట్లో నీ పేరు పెట్టి ఎవరో పిలిస్తే పోతావా, పలుకుతావా, దీపం తెస్తావా. ఇట్లాంటివి.

ఒక్క వారంలో డోన్‌లో డిగ్రీ చదివే పిల్లల్లో సగం మందికి వాకిళ్ళు వచ్చేశాయి. కులం అడిగినట్టు వాకిలి అడిగేవాళ్ళు. అందరికీ ఇనుపదే కావాలి. సీమలో పుట్టి మట్టి వాకిలి అని ఎవడు చెప్పుకుంటాడు? నాకు మొదటిసారి నీటి వాకిలి వచ్చింది. చిరాకేసింది. మళ్ళీ చేశాను, గాజు వచ్చింది. ఏ జవాబు ఎటు తోస్తుందో కనిపెట్టి మూడోసారి ఇనుప వాకిట్లో దూరాను. రైల్వే గార్డు కూతురు నాగశ్రీ అని డిగ్రీ చదివే అమ్మాయి ఉండేది. మా గుంపులో నోరున్న మనిషి. ఆమె కూడా నా దగ్గర జవాబులు తెలుసుకుని ఇనుపలోకి వచ్చింది, వచ్చాక నన్నే దొంగ ఇనుపోడు అని ఏడిపించింది.

కిరణ్‌కుమార్ మాత్రం ఒక్కసారే చేశాడు. ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి, ఆలోచించి, నొక్కాడు. మట్టి వాకిలి వచ్చింది. మేము నవ్వాం. ఇంకోసారి చెయ్యి, నేను పక్కన కూర్చుని చెబుతా అన్నాను. వద్దన్నాడు.

ఎందుకు వద్దన్నాడో అర్థం కావాలంటే వాళ్ళ ఇంటి పద్ధతి తెలియాలి. శెట్టి ఇంట్లో ఏ పెద్ద పని అయినా వాసవమ్మ పటం ముందర చీట్లు వేస్తారు. రెండు కాగితాలు మడిచి, పసుపు బియ్యంలో కలిపి, కండ్లు మూసుకుని ఒకటి తీస్తారు. తీసింది తీసిందే. నచ్చలేదని రెండోసారి వేస్తే అమ్మవారిని ఎదిరించినట్టు. బొరుగుల అంగడి పాత బస్టాండు దగ్గర పెట్టాలా, రైల్వే స్టేషను దగ్గర పెట్టాలా అని శెట్టి చీట్లు వేస్తే పాత బస్టాండు వచ్చిందట. ఆ తరువాత బస్టాండే అక్కడి నుంచి లేచి పోయింది. బేరం సగానికి పడిపోయింది. అయినా ఆయన ఒక్క మాట అనలేదు. ఆ ఇంట్లో పెరిగినవాడు కిరణ్‌కుమార్. అమెరికావాడో ఎవడో తీరుబడిగా రాసి పెట్టిన ఆటను కూడా వాడు పసుపు బియ్యంలో పడేశాడు.

అంతవరకూ నవ్వులాటే. అసలు సంగతి ఆ ఆగస్టులో మొదలైంది.

మా ఆర్కుట్ గుంపులో బెంగళూరులో ఉండే కడపాయన ఒకడు ఉండేవాడు. పిల్లల కార్టూన్లకు తెలుగు మాటలు రాయించే చిన్న ఆఫీసు నడిపేవాడు. కిరణ్‌కుమార్ మంత్రాలు చదివి చదివి, వీణ్ణి రమ్మని మెయిల్ పెట్టాడు. సోమవారం వచ్చి మా దగ్గర కూర్చుని ఒక కార్టూన్‌కు మాటలు రాసి చూపించు, బాగుంటే ఆ రోజు నుంచే ఉద్యోగం, సోమవారం రాకపోతే తిరుపతి నుంచి ఇంకొకాయన వస్తున్నాడు, ఆయన్ను పెట్టుకుంటాం అన్నాడు. ఆ మెయిల్ నేనే మొదట చదివాను, పక్క కుర్చీలో ఉన్నాను కాబట్టి. ఇట్లాంటి పిలుపు నాకు రాలేదు, రాదు కూడా. నాకు ఏదీ చివరిదాకా చేయడం చేతకాదు. వాడికి అది చేతనవును. డోన్‌లో బస్తాల మధ్య కూర్చుని వాడు చేసినదానికి ఎవడో బెంగళూరులో విలువ కట్టాడు.

వాడు మెయిల్ చదివి, చదివి, కుర్చీ వెనక్కి జరిపి, "నాది మట్టి వాకిలి కదప్పా" అన్నాడు.

మొదట తమాషాకు అన్నాడనుకున్నాను. కాదు. నిజంగానే అన్నాడు. ఆ వాకిలోళ్ళు కోట దాటితే ఏమవుతుందో మూడో పుస్తకంలో ఉందట, దీపాలన్నీ ఆరిపోయాయట. నాకు ఒళ్ళు మండింది.

"అది పుస్తకం రా."

"పుస్తకమే. కాదన్న్యానా."

"మరి దానికీ బెంగళూరుకూ ఏం సంబంధం?"

"ఒకసారి అడిగినాక వచ్చింది వచ్చిందే. మళ్ళీ అడిగేది మా ఇంట్ల లేదు."

నాలుగు రోజులు వాడి వెంట పడ్డాను. అంగడికి పోయి తిట్టాను. బస్తాల మీద కూర్చుని బతిమాలాను. నాగశ్రీ కూడా వచ్చి అడిగింది. వాడు అందరికీ గ్లాసుల్లో మజ్జిగ పోసి ఇచ్చి, చెప్పిందే చెప్పాడు. కోపం తెచ్చుకోడు. ఎదురు తిట్టడు. తిడితే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇంట్లోవాళ్ళు ఆపుతున్నారేమో అనుకున్నాను. కథల్లో అట్లనే ఉంటుంది కదా, కొడుకు పోతానంటాడు, తండ్రి అంగడి ఎవరు చూస్తారంటాడు. పోరు పెట్టడానికైనా ఒక మనిషి దొరుకుతాడని శ్రీనివాసులు శెట్టి దగ్గరికే పోయాను. ఆయన నిదానంగా, పొమ్మనే చెప్పినా నాయనా, బస్తాలు కట్టేదానికి తిమ్మయ్య ఉండాడు, నాకింకా కాళ్ళు చేతులు బాగనే ఉండాయి అన్నాడు. పోరు పెట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు.

వాడి అమ్మ కృష్ణవేణమ్మ లోపల బియ్యం ఏరుతోంది. ఆమెకు ఆ పరీక్ష సంగతి చెప్పాను. వెల్‌మోర్, వాకిళ్ళు, మట్టి, అంతా. ఆమె చేట పక్కన పెట్టి శ్రద్ధగా వింది. నవ్వలేదు.

"అబ్బోడా, చీట్లు ఎప్పుడేస్తారో వానికి తెలీదా?" అంది. "రెండూ మనసుకు సమంగా ఉన్నప్పుడు ఏస్తారు. ఒకటి మీద మనసుంటే అది చేసుకోవల్ల, అంతేగానీ అమ్మవారిని మధ్యలోకి లాగకూడదు. వాన్ని అడుగు, మనసు ఎటుండాదో."

నాకు ఆ మాట పట్టుకుంది. అంటే వాడు చేసింది పద్ధతే కాదు. వాళ్ళ ఇంటి పద్ధతి ప్రకారమే తప్పు. ఆ సాయంత్రం వాణ్ణి నెట్ సెంటరుకు లాక్కొచ్చాను. మీ అమ్మే చెప్పింది, నువ్వు వేసింది చీటీ లెక్కకు రాదు, మళ్ళీ చెయ్యి అన్నాను. నాగశ్రీ వెనక నిలబడింది. ఏసేపన్న కూడా కౌంటరు వదిలి వచ్చాడు.

వాడు నన్ను ఒకసారి చూశాడు. కంప్యూటరు ముందర కూర్చున్నాడు. ఈసారి ఆలోచించలేదు, టకటకా నొక్కుకుంటూ పోయాడు. ఇల్లు అంటుకుంటే ఏం తెస్తావు అంటే ఏమీ తేను అని నొక్కాడు. చీకట్లో పిలుపు వినిపిస్తే దీపం లేకుండానే పోతా అని నొక్కాడు. నెట్ నెమ్మదిగా ఉండి బొమ్మ పైనుంచి కిందికి గీతలు గీతలుగా వచ్చింది. ముందు పొగ కనిపించింది.

"బూడిద," అంది నాగశ్రీ. "కిరణన్నా, నీది బూడిద వాకిలి. ఇంక పోవాల్సిందే నువ్వు."

ఏసేపన్న వాడి భుజం తట్టాడు. నేను అక్కడే కూర్చుని, వాడి పేరుతో, వస్తున్నానని బెంగళూరుకు మెయిల్ కొట్టాను. వాడు వద్దనలేదు. బొమ్మనే చూస్తూ, శానా బాగా గీసినాడప్పా అన్నాడు.

ఆదివారం పొద్దున హైవే మీద నిలబడ్డాం, వాడూ నేనూ. సాగనంపడానికి ఇంకెవరినీ రావద్దన్నాడు. వాడి చేతిలో సంచి, నా చేతిలో కృష్ణవేణమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం పొట్లం. ఎండ అప్పటికే ఎక్కింది. ఒక బెంగళూరు బస్సు వచ్చింది. చెయ్యి ఎత్తాను, ఆగింది. వాడు కదల్లేదు. సీట్లు లేనట్టుండాయి అన్నాడు. వెనక సగం ఖాళీగా ఉంది, నాకు కనిపిస్తూనే ఉంది. బస్సు పోయింది. సరేలే అనుకున్నాను. ఇంకొకటి వచ్చింది. కండక్టరు మెట్టు మీద నిలబడి, ఎక్కుతారా లేదా అని కేకేశాడు. వాడు సంచి కింద పెట్టాడు.

"ఎక్కురా," అన్నాను.

"నాకు పోవాలని లేదప్పా."

కండక్టరు తిట్టి విజిల్ వేశాడు. బస్సు కదిలిపోయింది. ఏమన్నావు అని మళ్ళీ అడిగాను.

"పోవాలనిపిస్తే బాగుండు అని శాన్నాళ్ళ నుంచి నేనూ కాచుకోనుండా. రాలేదు. ఆ బస్తాల కాడ కూచుంటే నాకు బాగుంటాది. రాసుకుంటా, చదువుకుంటా, ఎవరో పిలుస్తారు, లేస్తా. దానికి ఏం తక్కువైందని?"

"మరి మట్టి వాకిలి, చీటీ, అదంతా ఏంది?"

"ఊరికే వద్దంటే ఎవరూ ఒప్పుకోరు కదా. నువ్వు ఒప్పుకున్న్యావా? చీటీలో వచ్చిందంటే మా ఇంట్ల ఇంక అడగరు. నువ్వు మా అమ్మ దాకా పోతావని నాకేం తెలుసు."

"రెండోసారి బూడిద వచ్చింది కదరా. అది కూడా నువ్వు చేసిందే కదా."

వాడు తల అడ్డంగా ఊపాడు. చెప్పాలా వద్దా అన్నట్టు రోడ్డు వైపు చూశాడు.

"అది నీది అవినాశూ. ప్రతి ప్రశ్నకూ అవినాశు అయితే ఏమంటాడు అనుకుని నొక్కినా. నువ్వు అంత కిందా మీదా పడతాంటే, నీ మాదిరి మనిషికి పోవాలని ఎట్లుంటాదో చూద్దామని. నువ్వు ఇనుప అని చెప్పుకుంటాండావు గానీ, నీది బూడిదప్పా."

వాడు ఎగతాళి చేసి ఉంటే కాలర్ పట్టుకునేవాణ్ణి. వాడు అట్ల అనలేదు. బస్తా ఎంత తూగిందో చెప్పినట్టు చెప్పాడు. కాలేజీ వదిలేశాను, ఊరు వదిలేశాను, అంతకుముందు నంద్యాలలో ఒక కంప్యూటర్ కోర్సు వదిలేశాను. వాటిలో ఒక్కదాని తరువాతా ఎక్కడికీ చేరలేదు. అవన్నీ తెలిసే అన్నాడు వాడు. తెలిసి కూడా మామూలుగా అన్నాడు.

మూడో బస్సు వచ్చింది. వాడి మీద కోపమో, నా మీదో, ఆ ఎండ మీదో, ఇప్పటికీ నాకు తెలీదు. నేను ఎక్కేశాను. వెనక్కి తిరిగి చూడలేదు. బెంగళూరులో నాకు ఎవరూ లేరు, ఏ పనీ లేదు, ఆ ఆఫీసువాడు రమ్మన్నది నన్ను కాదు. ప్యాపిలి దాటింది, మా ఊరి దారి కిటికీలోంచి కనిపించి వెనక్కి పోయింది. మంత్రాలు రాసింది వాడు, ఆ ఉద్యోగం వాడిది, పోయి నేనేం చెప్పాలి అని లోపల ఒకటే నస. వాడికి అక్కర్లేనిది నాకు కావాలి, నాకు కావాలన్నా నన్ను పిలిచేవాడు లేడు. ఇది ఎవరి తప్పని పట్టుకుని తిట్టాలి? గుత్తిలో దిగిపోయాను.

గుత్తి బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని ఆ చిత్రాన్నం పొట్లం విప్పాను. మధ్యలో రెండు వడియాలు పెట్టింది కృష్ణవేణమ్మ, మెత్తబడిపోయాయి. అంతా తినేశాను, ఆకలేసింది మరి. తిరుగు బస్సులో డోన్ చేరేసరికి సాయంత్రం అయింది.

గదికి పోదామనుకుంటూనే పాత బస్టాండు వైపు నడిచాను. అంగడి తెరిచే ఉంది. తిమ్మయ్య బస్తాల మూతులు కుడుతున్నాడు. శెట్టి లోపల పడుకుని ఉన్నాడు. కిరణ్‌కుమార్ ఒక ముసలామెకు బొరుగులు కొలిచి పోస్తున్నాడు, ఆమె ఇంకొంచెం వెయ్యి నాయనా అంటే ఇంకొంచెం వేస్తున్నాడు. వాడి మొహంలో బాధ వెతికాను. పశ్చాత్తాపం వెతికాను. ఏమీ లేదు. పొద్దున వేసుకున్న ఇస్త్రీ చొక్కా విప్పేసి, పాత బనియనుతో, మెడ మీద పొట్టుతో నిలబడి ఉన్నాడు.

"యాడిదాకా పోయినావు?" అన్నాడు.

"గుత్తి."

నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. బెంగళూరాయనకు రావడం లేదని ఇప్పుడే మెయిల్ పెట్టి వచ్చా అన్నాడు. క్షమించమని రాశాడట. తిరుపతి ఆయనకు పనికొస్తాయేమోనని తను కట్టిన మంత్రాలన్నీ కూడా పంపించాడట. ఊరికే ఇచ్చేశాడు, బస్తా మీద ఇంకో గుప్పెడు వేసినట్టు. అది వినగానే నాకు మళ్ళీ మొదలైంది. నీకేమన్నా పిచ్చా, నీ పేరన్నా వేయించుకున్నావా లేదా, ఎవడో తిరుపతివాడు నీ మాటలు పెట్టుకుని జీతం తీసుకుంటాడు రా అని గొంతు చించుకున్నాను. వీధిలో ఇద్దరు ఆగి చూశారు. ముసలామె సంచి పట్టుకుని బయటికి పోయింది.

అయిపోయేదాకా విన్నాడు. ఆ తరువాత ఒక స్టూలు లాగి నా వైపు జరిపాడు.

"కూచో," అన్నాడు. "నీళ్ళు తాగు."

నేను కూర్చోలేదు. నిలబడే తాగాను.